జిడ్డుకు జేజేలు

నురగ మీద కేసు పెట్టారు. ఫిర్యాది ఎవరనుకున్నారు? ఇన్నేళ్లూ ఆ నురగనే అమ్ముకుని మేడలు కట్టినవాళ్లు. టీవీ తెరనిండా నురగ పొంగించి, నురగ రాకపోతే మురికి పోనట్టేనని మనచేత నమ్మించి, ఒకసారి చాలదు రెండోసారీ రుద్దుకోండని సీసా వెనక అచ్చేసినవాళ్లే ఇప్పుడు గొంతు తగ్గించి, "అయ్యో, మీరింకా శాంపూతోనే తలంటుకుంటున్నారా?" అని జాలిపడుతున్నారు. శాంపూ సహజమైన నూనెను దోచేస్తుందట. అందులో నురగ తెప్పించే సల్ఫేటు రాక్షసి అట. నురగ అనేదే ఒక అనాగరికపు అలవాటట.

మరి దారేది అని మనం కంగారు పడేలోపే సీసా సిద్ధం. పేరు క్లెన్సింగ్ కండిషనర్. ముద్దుగా కో-వాష్. నురగ రాదు, చిక్కగా తెల్లగా ఉంటుంది, తలకు పట్టించి, నిదానంగా రుద్ది, నీళ్లు పోసుకుంటే చాలు. కడిగే గుణం శాంపూ కన్నా తక్కువ, ఖరీదు శాంపూ కన్నా ఎక్కువ. ఇలాంటి లెక్క ఇంకే వ్యాపారంలోనైనా చెల్లుతుందా? తక్కువ ఉతుకుతాను, ఎక్కువ డబ్బులివ్వండి అని చాకలి అంటే ఊరుకుంటామా?

ఈ నురగ చరిత్ర కాస్త చెప్పుకోవాలి. 1934లో అమెరికాలో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లు డ్రీన్ అనే శాంపూను బజారులో పెట్టారు. కృత్రిమ డిటర్జెంటుతో చేసిన తొలి శాంపూ అది. అంతకుముందు జనం సబ్బుతోనే తల రుద్దుకునేవాళ్లు. సున్నం ఎక్కువున్న నీళ్లలో సబ్బు తెట్టెకట్టి వెంట్రుకలకు అంటుకునేది. డ్రీన్‌కు ఆ తంటా లేదు. కానీ అది మురికితో పాటు నూనెనూ ఊడ్చేసేది. తలస్నానం అయ్యాక జుట్టు ఎండిపోయి, చిక్కులు పడి, దువ్వెనకు లొంగేది కాదు. బుద్ధిమంతుడైతే శాంపూ ఘాటు తగ్గిస్తాడు. వ్యాపారి మాత్రం పక్కన ఇంకో సీసా పెట్టాడు. శాంపూ ఊడ్చినదాన్ని కండిషనర్ తిరిగి పూస్తుంది. రెండూ కొనండి. ఒకే అల్మారాలో, చాలాసార్లు ఒకే కంపెనీ పేరుతో, దెబ్బా మందూ పక్కపక్కనే కూర్చున్నాయి. కొన్ని దశాబ్దాల తర్వాత మూడో అంకం మొదలైంది: దెబ్బ తీసేశాం, మందుతోనే తలంటుకోండి.

మన దగ్గరకి శాంపూ నురగ ఆలస్యంగా వచ్చింది. అంతవరకు కుంకుడుకాయల రాజ్యం. కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానేసి, పిసికి, రసం వడగట్టి, పిల్లల్ని పీటమీద కూలేసి అమ్మ రుద్దుడు మొదలుపెట్టేది. కంట్లో పడితే నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేవారు. మంట తగ్గేదో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. ఆ రాజ్యాన్ని కూల్చింది విదేశీ సీసాలు కావు, మన పక్క రాష్ట్రపు పొట్లం. కడలూరు నుంచి సి.కె. రంగనాథన్ చిక్ శాంపూను చిన్న పొట్లాల్లో కట్టి పల్లెలకు పంపాడు. ఊరి నడుమ ఒక కుర్రాడి తల శాంపూతో కడిగి, వచ్చినవాళ్లని తాకి చూడమనేవారు. ఏ కంపెనీదైనా సరే ఐదు ఖాళీ పొట్లాలు తెస్తే ఒక చిక్ పొట్లం ఉచితం అన్నారు. తర్వాత అర్ధరూపాయికే పొట్లం అన్నారు. కిరాణా కొట్టు ముందు తోరణాల్లా పొట్లాలు వేలాడాయి. కుంకుళ్లు అటక ఎక్కాయి. జనం మోసపోయారని నేను అనను. కూలికి పోయి వచ్చిన ఆడమనిషికి కాయలు కొట్టే తీరిక ఎక్కడిది? ఆ పొట్లం ఆమెకు గంట సమయం మిగిల్చింది. ఆ పొట్లాన్ని ఈసడించే హక్కు, కో-వాష్ పట్టించి అది నానేవరకు అద్దం ముందు కూర్చోగలిగిన తీరికమనుషులకి అసలే లేదు.

పోనీ కుంకుడుకాయ మాత్రం పరమ సాధువా? అందులో సపోనిన్లుంటాయి. నురగ వచ్చేది వాటివల్లే, నూనె వదిలించేదీ అవే. శాంపూలోని డిటర్జెంటు చేసే పనే చెట్టునుంచి వచ్చి చేస్తాయి. కొన్ని సార్లు మరీ గట్టిగా చేస్తాయి కూడా. అందుకే తెలిసిన అమ్మమ్మలు రసంలో మందారాకు పిసికేవారు, గంజి కలిపేవారు, మెంతులు నూరి పట్టించేవారు. ఆ జిగురే వెంట్రుకను మెత్తబరిచేది. అంటే కడిగేదీ మెత్తబరిచేదీ ఒకే గిన్నెలో. దాని మీద పేటెంటు రాయించుకోవాలన్న తెలివి వాళ్లకి లేకపోయింది. ఇప్పుడు అదే మందారం బొమ్మ ఇంగ్లీషు అక్షరాల మధ్య అచ్చేసి, 'బొటానికల్' అని బిరుదిచ్చి, మనకే తిరిగి అమ్ముతున్నారు. సీసా వెనక పదార్థాల జాబితాలో నీళ్లు అందరికన్నా ముందు నిలబడి ఉంటాయి. మందారం చివరి వరుసలో, పరిమళానికి పక్కన, పిలవని పేరంటానికి వచ్చినట్టు నక్కి ఉంటుంది.

ఇంతకీ ఈ తెల్లని ముద్ద ఎలా పనిచేస్తుంది? శాంపూలో ఉండే సర్ఫెక్టెంటు అణువుకి ఒక కొస నీళ్లంటే ఇష్టం, ఇంకో కొస నూనెంటే ఇష్టం. నూనెను పట్టుకుని నీళ్లతో పాటు బయటికి నడుస్తుంది. దాని విద్యుదావేశం రుణం. వెంట్రుక పైపొరదీ రుణమే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, నీళ్లు పోస్తే వెళ్లిపోతుంది. కండిషనర్లో ఉండేవి ధనావేశమున్నవి. బెహెంట్రైమోనియం క్లోరైడు, సెట్రైమోనియం క్లోరైడు అని సీసా వెనక నోరు తిరగని పేర్లు కనిపిస్తాయే, అవి. అవి వెంట్రుకకు అంటుకుంటాయి. అంటుకోవడమే వాటి ఉద్యోగం. తోడుగా సెటైల్, సెటియరైల్ ఆల్కహాల్ అనే కొవ్వు పదార్థాలు నునుపునిస్తాయి. వీటికి కాస్త నూనెను కదిపే శక్తి ఉంది, వేళ్లతో గట్టిగా రుద్దితే ఇంకాస్త పోతుంది. అంతే. అది అబద్ధం కాదు, అద్భుతమూ కాదు. కొద్దిగా కడుగుతుంది, బాగా పూస్తుంది.

ఆ కొద్దే కొందరికి సరిపోతుంది. ఈ పద్ధతిని ఊరూరా చేర్చినావిడ లోరెయిన్ మాసీ. న్యూయార్కులో డేవాచాన్ సెలూన్ నడిపిన మనిషి, 'కర్లీ గర్ల్' పుస్తకం రాసింది. ఆవిడ వాదంలో న్యాయముంది. రింగురింగుల జుట్టులో కుదుళ్ల దగ్గర పుట్టిన నూనె ఆ మలుపులన్నీ తిరిగి కొసలదాకా చేరలేదు. అందుకే ఆ జుట్టు ఎప్పుడూ పొడిగా ఉంటుంది. రోజూ శాంపూ పెడితే గడ్డి అవుతుంది. అలాంటి జుట్టున్నవాళ్లని తరతరాలుగా ఇస్త్రీపెట్టెలాంటి యంత్రాలతో, మందులతో సాగదీసి, సాఫీగా లేకపోతే అందమే కాదని ఏడిపించినవాళ్లకి మాసీ గట్టి జవాబే చెప్పింది. మన ఇళ్లలోనూ రింగుల జుట్టు పిల్లల్ని 'పిచ్చుకగూడు' అని వెక్కిరించే అత్తయ్యలున్నారు కదా. ఆ పిల్లకి కో-వాష్ నచ్చితే వాడుకోనివ్వండి. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది.

నా గొడవ ఆ పిల్లతో కాదు. ఒక రకం జుట్టుకు పనికొచ్చిన ఉపాయాన్ని లోకంలోని తలలన్నిటికీ మోక్షమార్గంగా అమ్మే వాళ్లతో. విజయవాడ మే నెల చెమటలో, శిరస్త్రాణం కింద ఉడికిన మాడు మీద, హైదరాబాదు బోరునీళ్లలో, ముందురోజు రాత్రి పట్టించిన కొబ్బరినూనె మీద ఈ తెల్లముద్ద పులమమంటారు. నూనె పోదు, దుమ్ము పోదు, బోరునీటి ఖనిజాలు పోవు. పైన కొత్తగా ఒక పొర చేరుతుంది. మూడోనాటికి జుట్టు నొక్కుకుపోయి నెత్తికి అతుక్కుంటే దాన్ని ఏమంటారో తెలుసా? పరివర్తన కాలం అంటారు. మీ తల శుద్ధి అవుతోందట. నూనె గ్రంథులకు క్రమశిక్షణ అలవడుతోందట, కొన్ని వారాలు ఓపికపట్టమంటారు. నూనె గ్రంథులేమన్నా హాస్టల్ పిల్లలా, వార్డెన్ గదమాయిస్తే బుద్ధిగా ఉండడానికి? అవి ఆడేది హార్మోన్ల మాటకి, ముఖ్యంగా ఆండ్రోజెన్ల మాటకి. మీరు సీసా మార్చిన సంగతి వాటికి తెలియనే తెలియదు.

గ్రంథులు వినకపోయినా వినేవాళ్లు ఇంకొకరున్నారు. మలసీజియా అనే శిలీంధ్రం అందరి నెత్తి మీదా కాపురముంటుంది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలు తాను తయారుచేసుకోలేదు, మన నెత్తి నూనె తిని బతుకుతుంది. ఆ నూనెను అది విరగ్గొట్టగా మిగిలే ఓలియిక్ ఆమ్లం పడని తలల్లో చర్మం రేగి పొట్టు లేస్తుంది. మనం చుండ్రు అంటాం. చుండ్రున్న తలను కడగడం తగ్గించడమంటే ఆ శిలీంధ్రం ఇంటికి అన్నదానం చేయడం. చర్మవైద్యులు అలాంటివాళ్లకి కీటోకొనజోల్ శాంపూ రాసిచ్చేది అందుకే. అవును, శాంపూయే. నురగ వచ్చేదే.

ఇక శాంపూను వదిలేసినవాళ్ల స్నానాల గది చూడండి. ముందుగా, కో-వాష్ మొదలుపెట్టే ముందు పాత కండిషనర్లు జుట్టుకు పూసిన సిలికాన్ల పొర వదలడానికి ఒక్కసారి గట్టి సల్ఫేటు శాంపూతో కడగాలి. దానికి 'చివరి స్నానం' వంటి పవిత్రమైన పేర్లుంటాయి. తర్వాత పొర పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు క్లారిఫయింగ్ శాంపూ కావాలి. అది చివరిది కాదన్నమాట. మధ్యలో జిడ్డు కనిపించకుండా డ్రై శాంపూ కావాలి. అదేమిటంటే చాలావరకు గంజిపొడే, డబ్బాలో గ్యాసుతో కలిపి కొడతారు. నెత్తి దురదపెడితే గరుకు స్క్రబ్బు కావాలి, ఆపైన సీరమ్ కావాలి. తలగడకి పట్టు గలీబు కావాలి. శాంపూ ఒక్కటి మానేసిన పాపానికి మూడు రకాల శాంపూలు ఇంట్లో చేరాయి. ఇంతకన్నా నిఖార్సయిన సన్యాసం ఎక్కడుంది!

సల్ఫేటు గురించీ ఒక మాట. సోడియం లారిల్ సల్ఫేటు చర్మాన్ని రేపుతుందన్నది నిజం. చర్మం ఎంత సున్నితమో పరీక్షించేటప్పుడు వైద్యులే దాన్ని కావాలని రాస్తారు. చాలా శాంపూల్లో ఉండేది దానికన్నా మెత్తనిదైన లారెత్ సల్ఫేటు, అదీ కాసేపు తాకి నీళ్లతో పోయేది. దాన్ని కేన్సరుతో ముడిపెట్టడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే. పడనివాళ్లకి సల్ఫేటు లేని నురగ శాంపూలు ఎన్నో ఉన్నాయి. నెత్తికి శాంపూ, కొసలకి కండిషనర్ అన్న పాత ఏర్పాటుతోనే చాలా తలలు హాయిగా వెళ్లిపోతాయి. కానీ హాయిగా వెళ్లిపోయే తల ఎవరికి లాభం?

కొబ్బరినూనె భక్తులూ నవ్వకండి, మీ వంతు ఇది. 2003లో వచ్చిన ఒక అధ్యయనం కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి, జుట్టులో ప్రోటీను నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే అని తేల్చింది. తలస్నానానికి ముందు పట్టించినా ఫలితం కనిపించింది. నాయనమ్మ గెలిచింది! కాకపోతే ఆ అధ్యయనం చేసింది పారాచూట్ కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ పరిశోధకులు. ఫలితం తప్పని నేననడం లేదు. వెంట్రుక మీద రాసిన ప్రతి కాగితం వెనకా ఒక సీసా నిలబడి ఉంటుందని మాత్రం గమనించండి.

అన్నిటికన్నా వినోదం తిరుమలలో ఉంది. కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం పొడుగును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. అన్నిటికన్నా పొడుగైన రకానికి అన్నిటికన్నా ఎక్కువ ధర. ఆ జుట్టు విగ్గులై, సవరాలై సముద్రాలు దాటుతుంది. గుడి జుట్టు అన్న పేరు చెప్పే ధర పెంచి అమ్ముతారు. అది ఇచ్చిన తల్లుల్లో చాలామంది క్లెన్సింగ్ కండిషనర్ పేరు కూడా విని ఉండరు. నూనె, జడ, వారానికో తలస్నానం, అంతే. ఆ జుట్టు అక్కడివాళ్ల నెత్తికెక్కుతుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పే సీసా డాలస్ నుంచి దిగిన ఆడపడుచు సూట్‌కేసులో మన ఇంటికొస్తుంది.

ఇప్పుడు అసలు కథ. లాస్ ఏంజెలెస్ కేశాలంకరణ నిపుణుడు చాజ్ డీన్ 'వెన్' అనే క్లెన్సింగ్ కండిషనర్ తయారుచేస్తే, గథీ-రెంకర్ అనే సంస్థ టీవీలో అరగంట ప్రకటనలతో ఊదరగొట్టింది. సినిమా, టీవీ తారలు సోఫాల్లో కూర్చుని జుట్టు విదిలించారు. శాంపూ, కండిషనర్, డీప్ కండిషనర్, చిక్కులు తీసేది, పూసి వదిలేసేది, ఐదూ ఒకే సీసాలో అన్నారు. వాడే పద్ధతి కూడా రాశారు. పొట్టి జుట్టుకి పది నుంచి పదహారు పంపులు, పొడుగు జుట్టుకి 24 నుంచి 32 పంపులు. ముప్ఫై రెండు! మన బోరింగు పంపు దగ్గర బిందె నింపడానికైనా అన్నిసార్లు కొట్టాలా? సీసా ఖాళీ అయితే ఇబ్బంది లేదు, చందాదారులకి కొత్తది దానంతటదే ఇంటికొచ్చేది.

తర్వాత జుట్టు రాలుతోందన్నారు. దువ్వెనకి నాలుగు వెంట్రుకలు రావడం కాదు. రోజుకి యాభై నుంచి వంద రాలడం అందరికీ మామూలే. కుచ్చులు కుచ్చులుగా ఊడాయని, నెత్తిన బోడి మచ్చలు పడ్డాయని, దద్దుర్లు లేచాయని, పిల్లల జుట్టు కూడా పోయిందని ఫిర్యాదులు. 2014లో దావా పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అమెరికా వాళ్లకి లేదు గానీ, ఉంటే అది కోర్టు కాగితాల్లో ఎక్కేది. 2016 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనానికి హెచ్చరిక విడుదల చేసింది. నేరుగా తమకు 127 ఫిర్యాదులు వచ్చాయంది. జుట్టు కడిగే సౌందర్య సాధనం ఏదీ అంతకుముందు ఇన్ని ఫిర్యాదులు మూటగట్టుకోలేదంది. ఆపైన ఇంకో మాట చెప్పింది. తనిఖీకి వెళ్తే, కంపెనీలకి నేరుగా వచ్చిన ఫిర్యాదులు 21,000 దాటాయని తెలిసిందట.

ఇరవయ్యొక్క వేలు కంపెనీ బీరువాలో, నూట ఇరవై ఏడు ప్రభుత్వం బల్ల మీద. దాచినందుకు శిక్షేమిటి? ఏమీ లేదు. ఎందుకంటే అప్పట్లో దాచడం నేరమే కాదు. అప్పుడున్న అమెరికా సౌందర్య సాధనాల చట్టం 1938 నాటిది. దాని ప్రకారం వచ్చిన ఫిర్యాదులు ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం ఉండేది కాదు. సరుకు క్షేమమని ముందుగా రుజువు చూపాలన్న నియమమూ ఉండేది కాదు. సరుకును బజారు నుంచి వెనక్కి తీసుకోమని బలవంతపెట్టే అధికారం ఎఫ్‌డీఏకి ఉండేది కాదు. భద్రత వివరాలు ఇవ్వండని కంపెనీలను అడగడమే అప్పట్లో దాని చేతిలో ఉన్న ఆయుధం. జుట్టు రాలడానికి కారణం ఈ సరుకేనని శాస్త్రం తేల్చలేదు, కంపెనీ కూడా తప్పేమీ లేదనే అంది. నిజమే కావచ్చు. జ్వరం తర్వాత, కాన్పు తర్వాత, రక్తహీనతలో, థైరాయిడ్ తేడాల్లోనూ జుట్టు రాలుతుంది, సీసా మీద నెపం పడుతుంది. అయితే తేల్చుకోవడానికి కావలసిన కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి?

2022 డిసెంబరు చివర్లో గానీ ఆ చట్టం మారలేదు. ఇప్పుడు తీవ్రమైన హాని జరిగినట్టు తెలిస్తే కంపెనీ పదిహేను పనిదినాల్లో ప్రభుత్వానికి చెప్పాలి. ఏది తీవ్రమైన హాని అని చట్టంలో రాసిన జాబితాలో గణనీయంగా జుట్టు రాలడం కూడా ఉంది. ఎనభై నాలుగేళ్ల పాత చట్టంలోకి జుట్టు ఎక్కడానికి ఎన్ని తలలు బోడి కావలసివచ్చిందో!

దావా మాత్రం అప్పటికే ముగిసింది. తప్పు ఒప్పుకోకుండానే రెండు కోట్ల అరవై రెండున్నర లక్షల డాలర్లతో రాజీ కుదిరింది, 2017లో కోర్టు ఆమోదించింది. హాని జరిగిందని కాగితాలతో, ఫొటోలతో రుజువు చేసుకోగలిగినవాళ్లకి గరిష్ఠంగా 20,000 డాలర్లు. కొన్నామన్నది తప్ప వేరే రుజువులు లేనివాళ్లకి తలా 25 డాలర్లు. ఆ సీసాలు ఆ తర్వాత కూడా బజారులో అమ్ముడవుతూనే ఉన్నాయి.